సగం ధర వాపస్

పెళ్లయి వచ్చిన కొత్తలో అమలకు శాలిబండలోని భర్త దుకాణమంటే ఇంటికన్నా ముద్దు. వేణుగోపాల్ అక్కడ వీడియో గేమ్ డిస్కులు అమ్మేవాడు. కొత్త డబ్బా మీది పల్చని ప్లాస్టిక్ కాగితం చించే పని తనకే కావాలని ఆమె గారాలు పోయేది. అది చిరుచప్పుడుతో ఊడివస్తే పండగే.

2009 ఎండాకాలంలో, డిస్కులు సరఫరా చేసే రామ్‌చందర్ చాయ్ ఊదుకుంటూ ఒక మాట చెప్పాడు. ఇక గేములు నెట్‌లోనే అమ్ముతారట, డిస్కే ఉండదట. వేణుగోపాల్ ముఖం వాడిపోయింది. అమల మాత్రం ధరెంతని అడిగింది.

"డిస్కుకెంతనో దానికీ గంతే చెల్లె."

అమలకు నవ్వొచ్చింది. తన బీకాం ఇన్నాళ్లకు పనికొచ్చిందనిపించింది. డబ్బా లేదు, డిస్కు లేదు, ఆడాక అమ్ముకునే వీలూ లేదు. అదే ధర పెట్టి గాలిని కొనే పిచ్చివాడెవడు? తమ దగ్గరైతే ఆడేసిన డిస్కు వారంలోగా తెస్తే సగం ధర తిరిగిస్తారు. అదే డిస్కు ఇంకో ఇంటికి పోతుంది. ఆ వారం గడువు కూడా తీసేద్దామని ఆమే పట్టుబట్టి బోర్డు రాయించింది: 'మా డిస్కు ఎప్పుడు తెచ్చినా సగం ధర వాపస్.'

తర్వాతిసారి వచ్చిన రామ్‌చందర్ ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. చాయ్ తెప్పిస్తే వద్దన్నాడు.

దసరా దాకా బేరం జోరుగా సాగింది. ఆపైన తెచ్చిచ్చేవాళ్లే తప్ప కొనేవాళ్లు పలచబడ్డారు. ఒక మధ్యాహ్నం క్రాంతి వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి, కొత్త గేమ్ వచ్చిందంటే అందరికన్నా ముందుండే మనిషి. పెద్ద సంచి తెచ్చి కౌంటర్ మీద బోర్లించాడు. ఏళ్లుగా ఇక్కడ కొన్న డిస్కులన్నీ అందులో ఉన్నాయి.

"అన్నీ ఇచ్చేస్తే ఇగ ఏం ఆడతవ్ క్రాంతీ?"

"నెట్‌ల తీసుకుంటున్న వదినా. ఇంట్ల కూసుంటే అదే దిగుతది."

"ధర తక్కువనా?"

"లే, గంతే."

"మరి మళ్ల అమ్ముకోనీకి రాదు గదా?"

"రాదు. గానీ ఈ ట్రాఫిక్‌ల ఎవడు తిరుగుతడు?"

ఆమె లెక్కలో ఆ సంగతే లేదు. వేణుగోపాల్ గల్లా తెరిచి సగం ధర చేతిలో పెట్టాడు. క్రాంతి మొహమాటపడ్డాడు. మీరు మాట తప్పరని మా ఆఫీసులో అందరికీ చెప్పానన్నాడు.

బయట ఆటో ఆగింది. సంచులతో ఇద్దరు దిగారు. వాళ్ల వెనకే స్కూటర్ మీద మరొకరు, కాళ్ల మధ్య అట్టపెట్టె.

షట్టర్ దించుదామా అని అమల భర్త చెవిలో అడిగింది. గల్లాలో మిగిలిన నోట్లు సర్దుతున్న అతను తల ఎత్తలేదు.

"రానీ," అన్నాడు.