నల్లాకు పసుపు కుంకుమ

మా నస్పూర్ గల్లీలో చేదబావి లేదు. ఇరవై ఒకటో రోజున బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, నిండు బిందెతో ఇంట్లోకి రావాలి. ఆ తర్వాతే పిల్లను తొట్టెలో వేయాలి. బావి లేనివాళ్లం కాబట్టి నల్లాకే పూజ చేస్తాం. నా కూతురు వందన నల్లాకు బొట్లు పెట్టి, దాని కింద బిందె పెట్టి కూర్చుంది. నల్లా మాత్రం చుక్క రాల్చలేదు.

ఎందుకు రాలుస్తుంది? మాది గల్లీలో చివరి ఇల్లు. ముందున్న ఇళ్లన్నీ పైపుకు మోటర్లు తగిలించి నీళ్లు గుంజేస్తాయి. మేమూ ఒకటి కొన్నాం. గాలి పీల్చి పీల్చి అది కాలిపోయింది. ఇంకాసేపట్లో మున్సిపాలిటీ వాళ్లు నీళ్లు వదలడం కూడా ఆపేస్తారు.

"కొన్న డబ్బా నీళ్లు పోద్దామా?" అన్నాను మెల్లగా.

"గంగమ్మను డబ్బాల దెస్తవా వదినె? నిండు బిందె రాకుంటె పిల్లను తొట్టెల ఎట్లేస్తం?" అంది వియ్యపురాలు లస్మవ్వ.

నాకు తల కొట్టేసినట్టయింది. కార్యానికి వచ్చిన గల్లీ ఆడవాళ్లంతా అయ్యో అంటున్నారు. మొదటి ఇంటి భూమవ్వ నా మనవరాలిని ఒళ్లో పెట్టుకుని మరీ అయ్యో అంటోంది. ఆమె మోటరు మోత మా వాకిట్లోకి వినిపిస్తూనే ఉంది. నా ఒళ్లు మండింది.

"అక్కా, మోటర్లు ఏసొచ్చి గిక్కడ అయ్యో అంటె నీళ్లొస్తయా? జర బంద్ చెయ్యుండ్రి!"

"నేనొక్కదాన్ని బంద్ జేస్తె నీకూ రావు, నాకూ రావు. నడుమ లింగవ్వ గుంజుకుంటది," అంది భూమవ్వ.

"నేనా? ముందుగాల నువ్వు బంద్ జెయ్యి, నేను చెయ్యనా?" అంటూ లింగవ్వ లేచింది.

మాటా మాటా పెరిగింది. వందన కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూసి భూమవ్వ పిల్లను నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. ఆమె వెనకే లింగవ్వ, ఆ వెనక ఒక్కొక్కరూ. శుభమా అని పిలిచి అందరినీ తరిమేశాను. నా నోరే నాకు శత్రువు.

కాసేపటికి ఒక మోటరు మోత ఆగింది. తర్వాత ఇంకొకటి. ఎండాకాలం మొదలయ్యాక మా గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండడం అదే మొదలు. నల్లా గరగరమంది, ఎర్ర నీళ్లు కక్కింది, ఆ తర్వాత తెల్లటి ధార పడింది.

"అమ్మా, వచ్చినయ్!" అని అరిచింది వందన. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

బిందె నిండుతుండగా భూమవ్వ ఆయాసపడుతూ వచ్చింది.

"నవనీతా, గిది విన్నవా? మోటరు బంద్ జేసి, మా నల్లా ఇప్పి చూసిన. మోటరు లేకుంట ఉత్తగనే వస్తున్నయ్!"

"మా ఇంట్ల గూడ," అంది వెనకనుంచి లింగవ్వ.

"మరి ఇన్నొద్దులు ఎవలికి భయపడి ఏసుకున్నరే మోటర్లు?" అంది లస్మవ్వ.

భూమవ్వ, లింగవ్వ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు. వందన నిండు బిందె చంకనెత్తుకుని గడప దాటింది. తొట్టెను మొదట ఊపమని నేనే భూమవ్వను పిలిచాను.