కంపెనీ పేరున్న వైఫై

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో కొనుగోలుదారుల జాబితా బయటికి పొక్కింది. వెంటనే పెద్దలు వెతకడం మొదలుపెట్టారు. దొంగను కాదు, కాంట్రాక్టు మనిషిని. డిస్పాచ్ షెడ్డులో మహిత దొరికింది.

ఆ షెడ్డుకు కంపెనీ వైఫై అందదు. ఆమె మూడుసార్లు రాసిచ్చినా ఎవడూ కదల్లేదు. ఈ-వే బిల్లు లేనిదే లారీ గేటు దాటదు గనక, తన ఫోన్ హాట్‌స్పాట్‌కు కంపెనీ ల్యాప్‌టాప్ కలిపి బిల్లులు తీసేది. అదే నేరమట.

"తప్పు ఒప్పుకుని సంతకం పెడితే మర్యాదగా మానిపిస్తాం. లేదంటే పోలీసులకు చెప్పాల్సి వస్తుంది" అంది హెచ్‌ఆర్ వెంకటలక్ష్మి.

పక్కన ప్లాంట్ మేనేజర్ రామలింగేశ్వరరావు. వైర్‌లెస్ భద్రత అంటూ గోడగోడకూ పోస్టర్లు అంటించిన మహానుభావుడు.

"కంపెనీ పేరున్న వైఫైకే కలపమన్నాం కదమ్మా. నేను కలపడం లేదూ?"

"అందరి ల్యాప్‌టాప్‌లు సూసిన్రా సార్, నాదొక్కటేనా?" అంది మహిత.

ఐటీ ప్రవీణ్ అన్నీ చూశాడు. చెప్పే ధైర్యమే లేదు.

"జెర చెప్పు ప్రవీణన్నా. నా కొలువు పోతుంటే నోట్ల బెల్లం పెట్టుకున్నవా?"

ప్రవీణ్ నేల చూస్తూ అన్నాడు. "సార్‌ది కంపెనీ పేరున్న వైఫైకే కలుస్తున్నది మేడం. కాని రాత్రిపూట కలిసే గా వైఫై డబ్బా మనది కాదు. కిష్టారెడ్డిపేటల ఉన్నది."

"మా ఇంటిదే" అన్నాడు రామలింగేశ్వరరావు, తడుముకోకుండా. "రూలు ప్రకారం దానికి కంపెనీ పేరు పెట్టాను."

"పాస్‌వర్డ్?" అంది వెంకటలక్ష్మి.

"అపార్ట్‌మెంట్ వాళ్లు అస్తమానం అడుగుతుంటే తీసేశానండీ. రూలులో పేరు గురించే కదా ఉంది."

ఆ రూలు రాసిందీ ఆయనే. ఆఫీసులోలాగే ఇంట్లోనూ ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లు అందరికీ కనిపించేలా ఉంచుకున్నదీ ఆయనే. అపార్ట్‌మెంట్‌లో ఎవడు కావాలంటే వాడు జాబితా దించుకోవచ్చు.

"నా ఫోన్‌కు పాస్‌వర్డ్ ఉన్నది సార్" అంది మహిత.

వెంకటలక్ష్మి సంతకానికి తెచ్చిన కాగితం మడిచింది. "సరేలే మహితా, అయిందేదో అయింది. వెళ్లి పని చూసుకో."

మహిత లేవలేదు. "నోటిమాట మీద పోను మేడం. తప్పు నాది కాదని రాసియ్యుండ్రి."

"రాస్తానులే. సార్ పేరు ఎందుకు గానీ..."

"సార్ పేరు లేకుంటే రేపు మళ్ల నన్నే పిలుస్తరు. రాయుండ్రి, కూసుంట."

లారీలు గేటు దగ్గర ఆగిపోయాయి. ఆమె కూర్చునే ఉంది. చివరికి వెంకటలక్ష్మి ఆ పొడుగాటి పేరును ఒక్కో అక్షరమే టైపు చేయసాగింది.