ఖాళీ కాని పోస్టు

ప్రభుత్వ న్యాయశాఖ ఆఫీసులో టైపిస్టు పది కొట్టేసరికి సీట్లో ఉండేది. కంప్యూటర్ మీది గుడ్డ తీసి, పక్క బల్ల మీది ఫైళ్లు ముందుకు లాక్కునేది. కోర్టులో సర్కారు తరఫున జవాబుగా వెయ్యాల్సిన కౌంటర్లన్నీ వాటిలో ఆమె భర్త చేతిరాతలో సిద్ధంగా ఉండేవి. ఆయన ఆ బల్ల దగ్గరే ముసాయిదాలు రాసే గుమాస్తా. పోయి మూడేళ్లయింది. చేతిరాత మాత్రం ఒక్క రోజూ సెలవు పెట్టలేదు.

ఎవరూ వింతగా చూడలేదు. "బతికున్నప్పుడూ తేదీ వేసేవాడు కాదు, ఇప్పుడూ అంతే" అని సూపరింటెండెంటు విసుక్కునేవాడు.

ఒకప్పుడు ఆ శాఖలో నలభై ఒక్కమంది. రిటైరైనవాళ్ల చోట ఎవర్నీ వెయ్యక తొమ్మిదిమంది మిగిలారు. ఖర్చు తగ్గిందని పైవాళ్లు మురిసిపోతుంటే, ఈ తొమ్మిదిమందీ గానుగెద్దుల్లా తిరుగుతున్నారు. టైపిస్టుది ఏడాది కాంట్రాక్టు. ఈసారి పొడిగించరని తేలిపోయింది. ఇంట్లో చదువుకునే కూతురు, మంచాన పడ్డ అత్తగారు. భర్త ఉద్యోగం ఇప్పించమని తిరిగి తిరిగి ఆమె చెప్పులరిగాయి.

"పోస్టు ఖాళీ అయితేగా అమ్మా ఇచ్చేది" అన్నాడు సూపరింటెండెంటు, ఏటా పైకి పంపే సిబ్బంది పట్టిక చూపిస్తూ. "పని జరుగుతోందంటే భర్తీ అయినట్టే."

"మరి జీతం సార్?"

"తీసుకోడానికి మనిషి లేడుగా."

"పోనీ పెన్షను?"

"సర్వీసులో ఉన్నవాడికి పెన్షనేమిటమ్మా?"

చచ్చి కూడా చాకిరీ మానని మొగుడి మీద ఆమెకి ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఒక్కనాడూ పెందలాడే ఇంటికి రాలేదు మహానుభావుడు. ఆ సాయంత్రం ఫైల్లో పెన్సిల్‌తో రాసింది: "ఇక ఆపండి. మీరు మానితే గానీ మా నోట్లోకి నాలుగు వేళ్లు వెళ్లవు."

మర్నాడు ఫైల్లో కౌంటరు లేదు. ఆమె రాసినదాని కింద ఇంతే ఉంది: "టైపు చేసేది నువ్వే కదా, రోజూ నువ్వు చదువుతావని రాస్తున్నాను. ఇక రాయనులే."

నెల తిరక్కుండా కౌంటర్లు గుట్టపడ్డాయి. కోర్టు చీవాట్లు పెట్టింది. పైనుంచి ఆర్డరు దిగింది: భర్త పోస్టు ఆమెకి, పర్మనెంటుగా. పొదుపు కోసం టైపిస్టు పోస్టు రద్దు, ఎవరు రాసింది వాళ్లే టైపు చేసుకోవాలి.

"అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు సూపరింటెండెంటు.

ఇంటికి ఇక బెంగ లేదు. ఆమె భర్త కుర్చీలో కూర్చుని మొదటి కౌంటరు రాసింది. రాయడం అయ్యాక కాగితం పక్క బల్ల వైపు జరిపింది. అందుకునేవాళ్లు లేరు. కాసేపు చూసి, లేచి అటు వెళ్లి కూర్చుని, తను రాసింది తనే చదువుకుంటూ టైపు చేసింది.