తీర్థం కూడా నీళ్లే

మా ఇంట్లో నీళ్లకు తాళం ఉంది. తాళంచెవి దారానికి కట్టి నా మెడలో వేసుకున్నాను, తాళిబొట్టు పక్కనే. నవ్వేవాళ్లు నవ్వండి. మా ఆయన రామానుజానికి రెండు కిడ్నీలూ పని మానేసి ఏడాదిన్నరైంది. తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. అందుకే రోజుకు అర లీటరు సీసా. చారు, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోనే. ఎండాకాలం ఆళ్లగడ్డలో అర లీటరుతో రోజు గడపడమంటే ఏమిటో ఆయన పగిలిన పెదాలను అడగండి.

సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే నంద్యాల బస్సెక్కుతాం. అక్కడ నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుంటే ఒంట్లో పేరుకున్న నీటిని అది లాగేస్తుంది. ముందు కాటా ఎక్కాలి. రెండు రోజులకు రెండు కిలోలు పెరిగితే ఫరవాలేదు. ఆ బుధవారం నాలుగున్నర పెరిగినట్టు చూపించింది.

"ఏందమ్మా ఇది? సామికి ఎవురు నీళ్లిస్తాండారు?" అంది నర్సు ఏంజెల్, నన్నే చూస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. "తాళమేసి పెడితి కదమ్మా! ఇంగేం జెయ్యాల, నోరు కుట్టెయ్యాలా?"

మూడో గంటలో ఆయన బీపీ పడిపోయింది. పిక్కలు పట్టేసి కేకలు పెట్టారు. ఇంకొక్కసారి ఇంత నీరు లాగాల్సొస్తే గుండె తట్టుకోదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

బస్సులో అడిగాను. "నరసింహస్వామి సాక్షి! నువ్విచ్చిన సీసా తప్ప చుక్క నీళ్లు ముట్లేదు" అన్నారు. మా సొంతూరు అహోబిలం. ఆ పేరు మీద ఆయన అబద్ధమాడరు. నాకు అదే భయం పట్టుకుంది. మరి ఆ నీళ్లు ఎక్కడివి?

మర్నాడు సాయంత్రం గుడికి వెళ్లాను. ఈయన అర్చకత్వం చేసిన మా వీధి గుడిలో ఇప్పుడు పూజలన్నీ మరిది జనార్దన్ చేస్తాడు. ఈయన ఓపికున్నంతసేపు కూర్చుని వచ్చినవాళ్లకు తీర్థం ఇస్తారు. మిగిలిన తీర్థం ఎవరి కాళ్ల కిందా పడకూడదని వెనక తులసికోటలో పోయడం కూడా ఆయన పనే. చూస్తే తులసి నిలువునా ఎండిపోయి ఉంది. మట్టి నెర్రెలిచ్చింది.

కోట అవతల, గోడవారగా ఆయన నిలబడి ఉన్నారు. చెంబు ఎత్తి, కళ్లు మూసుకుని, గటగటా తాగుతున్నారు.

"ఏమండీ!" అని అరిచాను.

ఆయన తడబడలేదు. "తీర్థమే. నీళ్లు గాదు. ఏకాదశి నాడు పచ్చినీళ్లు గూడా ముట్టం, తీర్థం తీస్కుంటాం. ఉపాసం ఎప్పుడన్నా చెడిందా?"

నేనూ అట్లా పెరిగినదాన్నే. గుక్కా గుక్కా కొలిచిన నేను కూడా తీర్థాన్ని ఏనాడూ సీసాలో కలపలేదు.

"ఏది తీర్థమో, ఏది నీళ్లో మిషన్‌కేం తెలుస్తాది? ఈ చెంబు మిమ్మల్ని చంపుతాది. రేపట్నుంచి గుడికి రావద్దు."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. "ఇంట్లో గుక్క గుక్కకీ నీ మొగం చూడాల, బిచ్చగాని మాదిరి. ఈడొక్కచోటే అడుక్కోకుండా తాగుతాండా. ఇది గూడా తీసేస్తావా, అలమేలూ?"

దుఃఖం, కోపం ఒకేసారి తన్నుకొచ్చాయి. మెడలోని దారం పుటుక్కున తెంపి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. "తీస్కోండి. మీ తాళం, మీ నీళ్లు. పోలీసు మాదిరి ఈ కాపలా నా వల్ల గాదు!"

ఆయన తాళంచెవిని పిడికిట్లో పట్టుకున్నారు. లేచి, చెంబులో మిగిలింది తులసికి పోశారు. తర్వాత తెగిన దారాన్ని తాళంచెవితో సహా నా మెడ చుట్టూ తిప్పారు.

"నా దగ్గరుంటే తాగేస్తా. అడిగినా ఇయ్యొద్దు. తిట్టినా ఇయ్యొద్దు."

ముప్పై ఏళ్ల కిందట ఆ చేతులే నా మెడలో మూడు ముళ్లు వేశాయి. ఈసారి ఒక్కటే వేశారు, గట్టిగా.

ఇంటికొచ్చాం. గడప దాటగానే ఆయన నీళ్లడిగారు.

ఇవ్వలేదు.