మూడో జవాబు

పొద్దున్నే జొన్నరొట్టెలు చేస్తున్నాను. పెళ్లయి నాలుగు నెలలే. నా చేతిలో రొట్టె ఇంకా గుండ్రంగా రాదు. గోవింద్ ఆ వంకర రొట్టెలే ఏరుకుని తింటాడు, "గివి నా పెండ్లాం చేసినయ్" అని. పాతబస్తీలో గాజుల దుకాణాల పైన మూడు గదుల ఇల్లు మాది. గుసగుసలకు చోటు లేక మేమిద్దరం చిట్టీలు రాసుకుంటాం. పళ్లెం కింద ఒకటి, టిఫిన్ డబ్బా మూతలో ఒకటి. తీసి చదివేటప్పుడు అతని చెవులు ఎర్రబడతాయి. అది చూడటానికే రాస్తాను.

ఆఫీసులోనూ నాది చిట్టీల పనే. ఎగుమతుల విభాగంలో అధికారిని. అసెంబ్లీలో సభ్యులు అ, ఆ, ఇ అని వరుసపెట్టి అడిగే ప్రశ్నలకు మంత్రి చెప్పాల్సిన జవాబులు రాస్తాను: అవునండి, లేదండి, ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఎవరైనా అనుకోని ప్రశ్న వేస్తే అధికారుల గ్యాలరీ నుంచి మంత్రికి చిట్టీ పంపుతాను. నిన్న లక్క గాజుల మీద ప్రశ్న వచ్చింది. ఆ గాజులు చేస్తూ పొయ్యి సెగకు వేళ్లు కాలే ఆడవాళ్ల గురించి నేను రాసిన మాట మంత్రి చదివితే సభంతా బల్లలు చరిచింది. ఇంటికొచ్చేసరికి మామయ్య టీవీ ముందున్నాడు. "మంత్రి ఎంత మంచిగ చెప్పిండు బిడ్డా!" నవ్వి, చాయ్ పెట్టడానికి వెళ్లాను.

ఢిల్లీలో, వాణిజ్య శాఖలో రెండేళ్లు పనిచేయడానికి నన్ను అడిగారు. సుంకాలు, ఒప్పందాలు, నేను చదివిన చదువంతా అక్కడే ఉంది. ఈ సాయంత్రంలోగా జవాబివ్వాలి. నిన్న భోజనాల దగ్గర మామయ్య అడిగాడు, "ఢిల్లీ ముచ్చట ఏమాయె?" నేను నోరు తెరిచేలోపే గోవింద్ నా భుజం మీద చెయ్యేశాడు.

"పోనన్నది బాపు. నన్నిడిసి ఉంటదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇప్పుడు పెనం మీద రొట్టె పొంగుతుంటే తెలిసింది. సభలో నేను రాసింది మంత్రి చదువుతాడు. ఇంట్లో నేను రాయని జవాబు గోవింద్ చదివేశాడు.

పిండి చేతులు కడుక్కుని చిట్టీ రాసి గోవింద్ పళ్లెం కింద పెట్టాను. అందరూ తినడానికి కూర్చున్నారు. కళ్లెగరేస్తూ తీసిన గోవింద్ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఏందిరా గది? గట్టిగ సదువు" అంది అత్తమ్మ.

చదివాడు. "అ. అనన్య ఢిల్లీ పోతదా? అవునండి. ఆ. పోనని ఆమె అన్నదా? లేదండి. ఇ. ఆమె మీద ప్రేమతోనైనా సరే, ఆమె జవాబు ఇంకొకరు చెప్పొచ్చా?" చెవులు ఎర్రబడ్డాయి. "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

అత్తమ్మ నా వంకర రొట్టె ఒకటి తన పళ్లెంలోకి తీసుకుంది.

"మూడోది మల్లొక్కసారి సదువు. మీ బాపుకు ఇనబడాలె."