సగం విన్న మాట

ఆవిరికి జున్నుగిన్నె మూత టకటకమంటోంది. రాగసుధ మళ్లీ గడియారం చూసింది. ఎనిమిదిన్నర. తొమ్మిదింటికల్లా అత్త నాగమణి ఆస్పత్రిలో ఉండాలి, రొమ్ములో గడ్డకు మొదటి కీమో. చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటడానికే అరగంట పడుతుంది. అత్త చూస్తే ఇంకా కొట్టంలో పేడ ఎత్తుతోంది. ఆటో పిలవమంటే భర్త ప్రేమ్‌రాజ్ అద్దం ముందు తల దువ్వుకుంటూ, "ఎందుకు లొల్లి? మొన్ననే బర్రె ఈనింది. జున్ను పెడితే సాలు. నువ్వే చెప్పినవ్ గద!" అన్నాడు.

నువ్వే చెప్పినవ్ గద. జున్నుపాలలోంచి పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ తునకలు, తీసి కీమో మందుతో కలిపి చూడటం ఆరేళ్లుగా రాగసుధ ల్యాబ్‌లో చేస్తున్న పని. ఈ ఇంట్లో దాని పేరు పాలు విరగ్గొట్టే నౌకరీ. "పాలే గావాలంటే మనింట్ల లెవ్వా? బస్సెక్కి పోవాల్నా?" అని పెళ్లయిన కొత్తలో అత్తే నవ్వింది. పొద్దున అందరికీ టిఫిన్లు చేసి, సాయంత్రం మళ్లీ పొయ్యి ముందు నిలబడతానంటేనే ఆ నౌకరీకి ఒప్పుకున్నారు. నెల కిందట ఫలితం వచ్చిన రోజు సంతోషం పట్టలేక, అన్నం వడ్డిస్తూ చెప్పింది, రెండూ కలిపి ఇచ్చిన ఎలుకల్లో గడ్డ పెరగడం నెమ్మదించిందని. ఉత్త పెప్టైడ్ ఇస్తే గడ్డ ఎప్పట్లాగే పెరిగిందని కూడా చెప్పింది. అప్పటికే ప్రేమ్‌రాజ్ ఫోన్లో పడ్డాడు. ఇన్నేళ్లకు ఈ ఇంట్లో ఆమె మాటకు విలువ వచ్చింది, అదీ సగం మాటకు. ఆ సగంతో అత్త ప్రాణం మీదికి తెస్తున్నాడని ఒళ్లు మండింది, భయమూ వేసింది.

పొయ్యి కట్టేసి కొట్టంలోకి నడిచింది.

"అత్తమ్మా, జున్నుతోని గడ్డ తగ్గదు. నేను చేసేది వేరు. గది ఇంకా ఎలుకల కాడనే ఉంది. మీకు మందు పడాల్సిందే."

నాగమణి తల ఎత్తలేదు. "నాకెరుకే బిడ్డా. జున్నుతోని తగ్గేదుంటే ఇంటింటికి బర్రెలున్న మన గౌలిపురల ఆడోళ్లెవ్వరు సచ్చెటోళ్లు గాదు."

"మరి ఇంకా ఈడనే ఎందుకున్నరు?"

"నేను మంచాన పడితే పాలెవరు పిండాలె? నా చెయ్యి తాకనిదే బర్రెలు చేపవు, చుక్క పాలియ్యవు. వానికీ గదే ఫికర్. గందుకే జున్నంటుండు, నేను సరే అన్న."

రాగసుధ మూలనున్న పాలబకెట్ తీసుకుని ఇంట్లోకి పోయి, దువ్వెన పట్టుకున్న ప్రేమ్‌రాజ్ చేతికి తగిలించింది. "సాయంత్రం పాలు నువ్వు పిండు. రేపు, ఎల్లుండి కూడా. జున్ను నువ్వే తిను, బలమొస్తది. మేం ఆస్పత్రికి పోతున్నం."

"నాకు చేపవు. తంతయి," అన్నాడు ప్రేమ్‌రాజ్, బకెట్ వంక చూస్తూ.

గడపలో చేతులు తుడుచుకుంటున్న నాగమణి కొడుకు వైపు చూసింది.

"తన్ననియ్యిరా. నలభై ఏండ్లు నన్ను తన్నలేదా?"