సామ్రాజ్యం తట్ట

సామ్రాజ్యం కొట్టంలో పేడ ఎత్తుతోంది. రెండు అరచేతులతో పోగుచేసి తట్టలోకి జారవిడిచి, పైన అయిదు వేళ్ళతో అదిమింది. పెనుగొలనులోని యజమాని నాలుగెకరాలు ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆ తట్టలోనే తిండి తిన్నాయి. గేదెలు గడ్డి తినేవి, చేను పేడ తినేది, మళ్ళీ గడ్డి పండేది. ఇది తెలియడానికి సామ్రాజ్యానికి చదువు అవసరం కాలేదు. తిరువూరులో మిల్లు నడిపే యజమాని వెంకటకృష్ణారావుకు చదువుండీ తెలియలేదు.

మూడు గేదెలను అమ్మగా మిగిలింది ఒక్క చూడిగేదె. మేతకు ఎండుగడ్డి ఉంటే దాన్ని అమ్మనని కోతలప్పుడు ఆయన మాట ఇచ్చాడు. కోతమిషను చిందరవందరగా వదిలిన గడ్డిని సామ్రాజ్యం పదకొండు రోజులు ఒంటరిగా పోగుచేసి, చేలోనే కుప్పలు వేసింది. కూలి అడగలేదు. ఆమె కుడిభుజం మాత్రం పైకి లేవడం మానేసింది.

తట్ట ఎత్తుకోబోతుండగా చేలో గడ్డికుప్పల మీంచి పొగ లేచింది. తట్టను అక్కడే వదిలి పరుగెత్తింది. గట్టుమీద వెంకటకృష్ణారావు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయ్యగారూ, ఏంటండీ ఇది! గడ్డుంటే గేదెను ఉంచుతానన్నారు గదండీ!"

"మొక్కజొన్న వెయ్యాలి. ఎన్నాళ్ళు ఆగను?"

"రెండ్రోజులాగితే నేనే మోసేసేదాన్ని గదండీ!"

"నీకూ గేదెకూ వయసైపోయింది, సామ్రాజ్యం. ఇద్దరూ విశ్రాంతి తీసుకోండి," అని నవ్వాడు.

"దానికి ఏడేళ్ళేనండీ. మీ మిల్లు మోటారుకన్నా చిన్నది."

ఆయన ఫోను తీసి, గేదెల బేరగాణ్ణి వ్యాను తెమ్మన్నాడు.

మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి వ్యాను వచ్చింది. గేదె ఎక్కనని మొరాయించింది. బేరగాడు కర్ర ఎత్తాడు. సామ్రాజ్యం ఆ కర్రను పట్టుకుని ఆపి, గేదె మెడ నిమురుతూ తానే ఎక్కించింది. తెలిసిన చెయ్యి కనుక అది నమ్మి ఎక్కింది. ఆ పని కూడా ఆమె చేతే చేయించుకున్నారు.

వ్యాను వచ్చేటప్పుడు ఖాళీగా రాలేదు. సేంద్రియ ఎరువు బస్తాలను కొట్టంలో దించిపోయింది. ప్రతి బస్తా మీదా నిగనిగలాడే గేదె బొమ్మ.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదులే," అన్నాడు వెంకటకృష్ణారావు, బస్తా తడిమి చూస్తూ.

సామ్రాజ్యం మోచేతుల దాకా కడుక్కుంది. కొంగుతో చేతులు తుడుచుకుని, గంపలగూడెం వైపు వెళ్ళే ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఊడ్చిన కొట్టంలో, ఆ గేదె బొమ్మల పక్కన, తట్ట పెట్టినచోటే ఉంది. అందులో ఎండిపోతున్న పేడ మీద అయిదు వేళ్ళ గుర్తు.